నన్ను దించి బిగించిన చైను

నన్ను ఎత్తుతున్నప్పుడు ఆ మనిషి ముఖం నాకు కనపడలేదు. వెనకనుంచి వచ్చి చంకల కింద చేతులు దూర్చాడు. ఇంకొకడు ముందునుంచి కాళ్ళు పట్టుకున్నాడు. బళ్ళారిలో రైల్వే గేటు దాటగానే వచ్చే మలుపులో నా మూడు చక్రాల బండి చైను ఊడి ఆగిపోయింది. వెనక లారీవాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు. జరిగిందల్లా అంతే. బండి పడలేదు, నాకు దెబ్బ తగల్లేదు. నా చెయ్యి ఇంకా బ్రేకు మీదే ఉంది. "దించండప్పా, నేనే దిగుతా, నన్ను దించండి" అని అరుస్తూనే ఉన్నాను. నా అరుపు వాళ్ళకు వినపడలేదో, వినాల్సిన మాట కాదనుకున్నారో, నన్ను మోసుకుపోయి టీ అంగడి ముందు బెంచీ మీద పెట్టారు.

కూర్చోబెట్టారు అనడం లేదు. పెట్టారు. చేతికర్ర బండి దగ్గరే ఉండిపోయింది. ప్యాంటు పైకి జారి, కుడికాలికి కట్టుకునే ఇనప ఊచల క్యాలిపర్ మోకాలి దాకా బయటపడింది. టీ తాగుతున్నవాళ్ళందరూ దాన్నే చూస్తున్నారు. ప్యాంటు కిందికి లాక్కుంటూ, "ఎవురు ముట్టుకోమన్నారు మిమ్మల్ని?" అన్నాను.

ఎత్తినవాడు నొచ్చుకున్నాడు. "సాయం చేస్తే తిడతాండాది సూడప్పా ఈయమ్మ" అని పక్కవాడితో అన్నాడు. టీ అంగడాయన గ్లాసులు కడుగుతూనే, "ఈ కాలుతో నీకు బండెందుకమ్మా? ఇంట్లో మొగోళ్ళు లేరా?" అన్నాడు.

ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. దాన్ని చల్లార్చుకోవడానికి ఇది రాయడం లేదు.

నేను జీన్స్ కుట్టే యూనిట్‌లో పనిచేస్తాను. బళ్ళారిలో ఇంటికొకరు జీన్స్ పనిలో ఉన్న వీధులున్నాయి. మాదీ అలాంటి వీధే. పోలియో వచ్చిన కాలు కుడిది. పెడల్ తొక్కే మిషన్ల కాలంలో నాకు కష్టంగా ఉండేది. కరెంటు మోటార్లు వచ్చాక ఎడమకాలు చాలు. సైడు కుట్టులో మా యూనిట్‌లో నాకంటే వేగంగా కుట్టేవాళ్ళు లేరు. ఇది గొప్పకు చెప్పడం లేదు, యజమానిని అడిగినా చెప్తాడు.

కష్టమల్లా పనిలో కాదు, పనికి పోవడంలో. సత్యనారాయణపేటలో మా ఇంటినుంచి యూనిట్‌కు మా అన్న బైకు మీద దించేవాడు. ఆయనకు వీలైనప్పుడు వస్తాడు, వీలు కానప్పుడు రాడు. ఆటోవాళ్ళు నా కర్ర చూసి ఆగకుండా పోతారు, ఎక్కడానికి ఆలస్యం చేస్తానని. ఏళ్ళ తరబడి నేను ఎవరి కోసమో యూనిట్ గేటు దగ్గర నిలబడే ఉన్నాను. అందుకే బండి కొనుక్కున్నాను. నా సొంత సంపాదనతో. పాత మోపెడ్‌కు వెనక చక్రం తీసేసి, ఒక పొడుగాటి ఇరుసు మీద రెండు చక్రాలు బిగించే కిట్టు అది. ఇంజన్ దగ్గరున్న చిన్న పళ్ళచక్రంనుంచి ఇరుసు మధ్యలోని పెద్ద పళ్ళచక్రానికి చైను పోతుంది. ఆ చైను తిరిగితేనే బండి కదిలేది.

మొదటి వారం నేను పని లేకపోయినా తిరిగాను. కూరగాయలకు పోయాను, దారాల అంగడికి పోయాను, ఊరికే కోట చుట్టూ పోయి వచ్చాను. ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత చైను గోల మొదలైంది.

కిట్టు చేసి అమ్మినాయన షెడ్డు కురుగోడు రోడ్డు మీద ఉంది. అక్కడ ఫిట్టర్ కూడా అతనే, వెల్డింగు పని బాగా తెలిసినవాడే. మాలాంటివాళ్ళ కోసం బండ్లు చేస్తాడని ఊళ్ళో మంచి పేరు. షెడ్డు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద నా ఫోటో ఉంది, బండి తీసుకున్న రోజు మెడలో దండ వేసి తీసింది. కింద "సేవయే మా ధ్యేయం" అని కన్నడంలోనూ తెలుగులోనూ రాయించాడు. నేను డబ్బిచ్చి కొన్న బండి అతను చేసిన సేవ ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. ఆ రోజు సంతోషంలో ఉండి అడగలేదు.

మొదటిసారి చైను ఊడినప్పుడు అన్న నన్ను అక్కడికి తీసుకుపోయాడు. ఫిట్టర్ నన్ను చూసి నవ్వి, "దిగమ్మా, దిగి కుర్చీలో కూసో" అన్నాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. బండిని రాళ్ళ మీదికి ఎత్తి, ఇరుసు బోల్టులు వదులు చేసి, వెనక్కి లాగి, పానాతో బిగించాడు. చైనును వేలితో మీటి చూపించాడు. బాగా బిగుసుకుని ఉంది. "ఆయితు, అయిపోయింది. ఇంక ఊడేదే లేదప్పా" అన్నాడు. నాతో కాదు, మా అన్నతో.

కొన్నాళ్ళు బాగా నడిచింది. తర్వాత బండి బరువుగా లాగడం మొదలుపెట్టింది. చైను దగ్గర గరగరమని చప్పుడు. ఇంకొన్నాళ్ళకు ఉన్నట్టుండి సాగిపోయి, గుంతలో దిగగానే ఊడింది. మళ్ళీ షెడ్డుకు. మళ్ళీ ఎర్ర కుర్చీ. మళ్ళీ బిగింపు. ఈసారి ఇంకా గట్టిగా బిగించాడు.

ప్రతిసారీ ఏదో ఒక కారణం చెప్పేవాడు. జీన్స్ కట్టలు వేసుకుని పోతాండావేమో అన్నాడు. స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా పోవాల అన్నాడు. ఒకసారైతే మా అన్న వైపు తిరిగి, "లేడీస్ నడిపితే ఇంతే అప్పా, యాక్సిలరేటర్ జర్క్ కొడతారు. మొగోళ్ళకిచ్చిన బండ్లు ఒక్కటీ వాపసు రాలేదు" అన్నాడు.

"జర్క్ కొట్టేది నేను కాదప్పా, చైనే పట్టేస్తాండాది. యాక్సిలరేటర్ తిప్పినట్టే ఉండదు, ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు ఉంటాది" అని నేను కుర్చీలోంచి చెప్పాను.

"సుమ్నె ఇరమ్మా, నాకు తెలీదా?" అన్నాడు. నోరు మూసుకోమని. తర్వాత మా అన్నతో వానల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇంటికి వచ్చే దారిలో నేను బండి మీద, అన్న పక్కన బైకు మీద. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను. "నువ్వెందుకు ఒక్క మాటా అనలేదు?"

"ఏమనాల్మే? ఆయన పాపం ఊరికే చేసిస్తాండాడు ప్రతిసారీ."

"ఊరికే ఏంది? ఆయన చేసిన బండి, ఆయన చేసిన తప్పు."

"సర్దుకోవాల మ్మే. లేదంటే అమ్మేద్దాం. నేను దింపుతాలే పనికాడికి ముందు మాదిరే."

ఆ "ముందు మాదిరే" అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. ముందు మాదిరి అంటే ఏమిటో ఆయనకు తెలియదు. తెలిసేటంతసేపు ఆయన ఏ గేటు దగ్గరా నిలబడలేదు. గ్రీన్ లైటు పడగానే ఆయన్ని వదిలేసి ముందుకు పోయాను. ఆ రోజునుంచి షెడ్డుకు ఆయన్ని పిలవడం మానేశాను. రైల్వే గేటు దగ్గర ఇద్దరు మగవాళ్ళు నన్ను ఎత్తి బెంచీ మీద పెట్టింది ఆ తర్వాతే.

యూనిట్‌లో నా వెనక మిషన్ మీద కూర్చునేది వయసులో నాకంటే పెద్దది. అక్కా అన్నట్టు నేను ఆపా అంటాను. నడుము బెల్టులు కుడుతుంది. తురకల ఇంటి తెలుగు మాట్లాడుతుంది, కోపమొస్తే పూర్తిగా తురకంలోకి పోతుంది. బెంచీ సంగతి చెప్తే ఆమె నన్ను ఓదార్చలేదు. "హరామీలు" అని తిట్టి, నా టిఫిన్ డబ్బాలోంచి పచ్చడి తీసుకుంది. నాకు ఆమె దగ్గర ఊపిరాడుతుంది.

ఒక సాయంత్రం పని వదిలాక ఆవరణలో నేను బండెక్కుతున్నాను. కర్ర బిగించుకుని కూర్చున్నాక, నా సంచి పట్టీ వెనక చైను మీద వేలాడుతోందని ఆపా చూసింది. తీయడానికి వంగి, అక్కడే ఆగిపోయింది.

"అరే, ఇదేందే? ఇనపకడ్డీ మాదిరి ఉండాది చైను."

"బిగించినాడు గదా మొన్న."

"కాదే. ఇప్పుడే కదా సంచి కట్టేటప్పుడు నా చెయ్యి తగిలింది. అప్పుడు వదులుగానే ఉన్నింది. నువ్వెక్కినాక ఇట్లయింది."

నేను నమ్మలేదు. దిగమంది. దిగాను. ఆమె చైను కింద బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దముక్క పెట్టి పైకి నొక్కింది. చైను కొంచెం లేచింది. ఎక్కమంది. ఎక్కాను. మళ్ళీ సుద్దముక్కతో నొక్కింది. సుద్దముక్క పుటుక్కున విరిగింది, చైను కదల్లేదు. మళ్ళీ దిగాను. మళ్ళీ ఎక్కాను. వాచ్‌మన్ మా ఇద్దరికీ ఏమైందో అని గేటు దగ్గరనుంచి చూస్తున్నాడు. ఆపా నేల మీద బోర్లా పడుకుని బండి కిందికి చూస్తూ, నేను కూర్చున్నప్పుడల్లా వెనక స్ప్రింగులు కుంగి సీటు కిందికి దిగుతోందని, దిగేటప్పుడు ఇరుసు ఇంజన్‌కు దూరంగా జరుగుతోందని అరిచి చెప్పింది. దూరం పెరిగితే చైను బిగుస్తుంది. ఖాళీ బండికి సరిగ్గా ఉన్న చైను నేను కూర్చోగానే తెగేటంత బిగుసుకుంటోంది. ఆ బిగువుకు రోజూ కొంచెం సాగుతుంది. ఇరుసును ఒక పక్కకు లాగి వంకర చేస్తుంది. ఆ తర్వాత వదులై ఊడుతుంది. వదులైందని అతను ఇంకా బిగిస్తాడు.

నేను బండి మీదే కూర్చుండిపోయాను. మిషన్ మీద దారం బిగువు సరిచేసేటప్పుడు సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే ఫుట్ కింద గుడ్డ పెట్టి కుట్టి చూస్తాం. ఏ గుడ్డ కుట్టాలో ఆ గుడ్డే పెట్టాలి. పల్చటి గుడ్డకు సరిచేసి జీన్స్ కుడితే నాలుగు పొరలు కలిసే చోట దారం తెగిపోతుంది. ఈ సంగతి పనిలో చేరిన మొదటి రోజే చెప్తారు. నన్ను మాత్రం ప్రతిసారీ దించి, నీడలో కూర్చోబెట్టి, ఖాళీ బండికి చైను బిగించి పంపుతున్నారు. ఖాళీ బండి ఎక్కడికి పోవాలి?

ఆపా లేచి బట్టలు దులుపుకుంది. నా ముఖం చూసి, "ఇప్పుడే పోదామా?" అంది. ఆ రోజు షెడ్డు మూసేసి ఉంటుందన్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి ఒక్కదాన్నే పోయాను.

షెడ్డులో నలుగురైదుగురు ఉన్నారు. ట్రాక్టర్ ట్రాలీ వెల్డింగు కోసం వచ్చిన రైతులు. ఫిట్టర్ నన్ను చూడగానే కుర్చీ కోసం లేచాడు. "దిగమ్మా."

"దిగను."

"ఏంది?"

"నేను దిగనప్పా. నేను కూర్చునుండగానే చైను చూడు."

"మనిషి కూసున్నంక ఎట్ల పని చేస్తారమ్మా? తమాషా చేస్తాండావా?"

"నేను కూర్చున్నప్పుడే కదా బండి నడిచేది. కింద చెయ్యి పెట్టి చూడు."

అతను చూడలేదు. రైతుల వైపు తిరిగి నవ్వాడు. "పాపం, రోజూ ఈయమ్మతో ఇదే గలాటా. చేసిపెట్టినోనికే తిప్పలు" అన్నాడు. వాళ్ళలో ఒకాయన, "దిగు తల్లీ, నేను పట్టుకుంటాను" అని నా వైపు చేతులు చాపాడు.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా మీద చెయ్యి వేస్తే బాగుండదు" అన్నాను. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. నేను ఫిట్టర్‌తో చెప్పాల్సిందంతా చెప్పాను. రైల్వే గేటు దగ్గర ఏం జరిగిందో చెప్పాను. నా కాలును ఎంతమంది చూశారో చెప్పాను. ఆడవాళ్ళు నడిపితే ఇంతే అన్నావు కదా, ఆడవాళ్ళమే కిందికి దూరి చూశాం, నువ్వు ఒక్కసారైనా నేను కూర్చున్నప్పుడు చూశావా అని అడిగాను. "నా ఫోటో పెట్టుకుని సేవ అని రాసుకున్నావు. చైను సరిచేసేదాకా దాన్ని తీసెయ్యి. లేదంటే నేనే చించుతా" అన్నాను. అరిచాను. ఏడుపు వస్తుందేమోనని భయపడ్డాను. ఏడిస్తే పాపం అనేవాళ్ళు, ఇంక ఆ రోజు పని జరిగేది కాదు. రాలేదు.

చివరికి అతను గొంతుక్కూర్చున్నాడు. నా మీద గౌరవంతో కాదు, నేను ఎటూ పోనని తెలిసి. చైను కింద వేలు పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. "ఒకసారి లెయ్యి" అన్నాడు. హ్యాండిల్ పట్టుకుని సీటు మీదనుంచి కొంచెం పైకి లేచాను. "కూసో." కూర్చున్నాను. అతని ముఖంలో నవ్వు పోయింది. రైతుల వైపు చూడకుండా పానా తీసుకున్నాడు.

నేను బండి మీద కూర్చుని ఉండగానే బోల్టులు వదులు చేశాడు. వేలితో నొక్కితే చైను కొంచెం ఆడేలా పెట్టి బిగించాడు. ఇరుసు ఒక వైపు ముందుకు జరిగి ఉందని అప్పుడు చూశాడు. రెండు వైపులా కొలిచి సమం చేసి, మళ్ళీ జరగకుండా రెండు పక్కలా అడ్డం బోల్టులు వెల్డింగు చేశాడు. వెల్డింగు అప్పుడు మాత్రం దిగాను, నిప్పురవ్వలు పడతాయని నాకూ తెలుసు. సాగిపోయిన చైను తీసి కొత్తది వేశాడు. అంతా అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "నువ్వు ముందే సరిగ్గా చెప్పింటే ఇంత దూరం వచ్చుండేదే కాదు" అన్నాడు.

ముందే చెప్పింటే! నేను పానా తీసుకుని అతని మీద విసరలేదు. అది నా మంచితనం అని ఇప్పటికీ అనుకుంటాను.

"మొగోళ్ళ బండ్లు వాపసు రాలేదన్నావే, వాళ్ళకు కూడా ఇట్లే బిగించినావా?" అని అడిగాను.

అతను పానాను డబ్బాలో పడేశాడు. "అందరికీ ఒకటే కిట్టు" అన్నాడు. ఎవరెవరికి ఇచ్చాడో అడిగాను. చెప్పడానికి ఇష్టపడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఒకాయన కూరెకుప్పలో ఉన్నాడని, గనుల దగ్గర లారీ కింద కాలు పోయినాయనని చెప్పాడు. "ఆయన ఎప్పుడూ కంప్లయింట్ ఇయ్యలేదమ్మా" అని కూడా అన్నాడు.

ఆదివారం ఆపాను వెనక కూర్చోబెట్టుకుని కూరెకుప్ప పోయాను. అంత దూరం బండి మీద పోవడం అదే మొదటిసారి. పక్కనుంచి లారీలు పోయినప్పుడల్లా ఎర్రదుమ్ము కళ్ళల్లో కొట్టేది. ఆపా చేతిలో తస్బీ పూసలు తిప్పుకుంటూ, మధ్యమధ్యలో లారీవాళ్ళను తిడుతూ కూర్చుంది. చైను ఒక్క చప్పుడు చెయ్యలేదు.

అడిగితే ఇల్లు సులభంగానే దొరికింది. ఆయనకు యాభై దాటి ఉంటాయి. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బండి గోడ పక్కన, మీద యూరియా సంచులు కప్పి ఉంది. దాని మీద ఆయన భార్య మిరపకాయలు ఆరబోసింది. మేము ఎందుకు వచ్చామో చెప్పాను. ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"రెండు తూర్లు చైను తెగి రోడ్డు మీద పడినానమ్మా. మూడోతూరి ఈమె పోనియ్యలా. నాకే చేతకాలేదులే బండి. ఒంటికాలు మనిషిని, బ్యాలెన్సు రాదు."

మూడు చక్రాల బండికి బ్యాలెన్సు ఏమిటి? ఆ మాట ఆయనకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. కంప్లయింట్ రాలేదన్నాడు ఫిట్టర్. రాదు మరి. ఈయన తప్పు తనదే అనుకుని మంచం మీద కూర్చున్నాడు. షెడ్డులో రైతుల ముందు అరిచినప్పటికంటే ఎక్కువ కోపం నాకు అప్పుడు వచ్చింది, అరవడానికి ఎదురుగా ఎవరూ లేరు.

"నీకు చేతకాకపోవడం కాదన్నా, చైను తప్పుగా బిగించినాడు" అని చెప్పాను. నమ్మలేదు. ఆపా మిరపకాయలు పక్కకు తీసి, సంచులు లాగేసింది. చైను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇరుసు నా బండిలో లాగే వంకరగా ఉంది, ఇంకా ఎక్కువ వంకర. మా దగ్గర పానా ఉన్నా అది మేము చేసే పని కాదు. అక్కడే ఫోన్ తీసి ఫిట్టర్‌కు చేశాను. కొత్త చైను తీసుకుని కూరెకుప్ప రావాలని చెప్పాను. వీలు చూసుకుని వస్తానన్నాడు. వీలు కాదు, ఏ రోజో చెప్పమన్నాను. నేను షెడ్డు ముందుకు మళ్ళీ వస్తానని, ఈసారి ఒక్కదాన్నే రానని చెప్పాను. ఆపా పక్కనుంచి తురకంలో ఏదో అంది. ఏమందో ఫిట్టర్‌కు అర్థమైనట్టుంది. బుధవారం అన్నాడు.

బుధవారం వచ్చాడు. నేను అక్కడ లేను, మిషన్ మీద ఉన్నాను. ఆయన్ని బండి మీద కూర్చోబెట్టి చైను బిగించాడని తర్వాత ఫోన్‌లో తెలిసింది. ఫిట్టర్ ఇప్పుడు అందరికీ అలాగే చేస్తున్నాడట. ఆ పద్ధతి తానే కనుక్కున్నట్టు చెప్తున్నాడని కూడా విన్నాను. మా అన్న ఒక పెళ్ళిలో, నేను వింటుండగానే, "మాట్లాడి నేనే సరిచేయించినా" అని ఎవరితోనో అన్నాడు. "నువ్వు వానల గురించి మాట్లాడినావు" అని అందరి ముందూ అన్నాను. కొన్నాళ్ళు ఆయన నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.

కూరెకుప్పాయన మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "మీ దయవల్ల క్షౌరం అంగడికి నేనే పోయొచ్చినానమ్మా" అన్నాడు. "దయేందన్నా, చైనుకు కొంచెం వదులు కావాల, అంతే" అని ఆయన్ని కూడా విసుక్కున్నాను. ఆయన నవ్వాడు. ఇంతలో భార్య ఫోన్ లాక్కుంది. "ఏం చేసిపోతిరమ్మా మీరు? యాడికి పోతాడో చెప్పేదే లేదు ఈ మనిషి. పొద్దున పోయినోడు సంగటి చల్లారినంక వస్తాండాడు" అంది. నిజంగా కోపంగానే అంది. ఆమె ఇంకా తిడుతుంటే ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మిషన్ మీది ప్యాంటుకు సైడు కుట్టు వేస్తూ పోయాను.